లాటరీలో గెలిచే అవకాశాన్ని మీరే లెక్కగట్టుకోవడం ఎలా

లాటరీ ఆటల నిబంధనల్లో ఎక్కడో ఒక మూల, చిన్న అక్షరాల్లో, మొదటి బహుమతి వచ్చే అవకాశం ఇన్ని కోట్లలో ఒకటి అని రాసి ఉంటుంది. చాలామంది దానిని చూసీ చూడనట్టు దాటిపోతారు. చదివినవారు కూడా అది నిర్వాహకులు ఎక్కడి నుంచో తెచ్చిపెట్టిన సంఖ్య అనుకుంటారే తప్ప, గుణకారం, భాగహారం వచ్చినవారెవరైనా కాగితం మీద దానిని రాబట్టవచ్చునని అనుకోరు. రాబట్టినంత మాత్రాన గెలుపు దగ్గర కాదు. అయితే ఏ ఆట ఎంత కష్టమో, టికెట్టుకు పెట్టిన డబ్బులో సగటున ఎంత తిరిగి వస్తుందో, ఆటగాడి చేతిలో నిజంగా ఉన్న నిర్ణయం ఏదో ఆ లెక్కతో తేలిపోతుంది.

ముందుగా చూడవలసింది ఆట ఏ రకం అన్నది. సంఖ్య ముందే ముద్రించిన టికెట్లను అమ్మి, వాటిలోంచి కొన్నింటిని డ్రాలో తీసే పద్ధతి అన్నిటికంటే తేలిక: ఒక టికెట్టుకు బహుమతి వచ్చే అవకాశం, బహుమతుల సంఖ్యను టికెట్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే. ఇక్కడ ఒక్క సంగతి మాత్రం నిబంధనల్లో వెతకాలి. డ్రా అమ్ముడైన టికెట్ల నుంచి మాత్రమే తీస్తారా, ముద్రించిన మొత్తం టికెట్ల నుంచి తీస్తారా? రెండో పద్ధతిలో బహుమతి అమ్ముడుపోని టికెట్టుకు తగిలే వీలుంది కాబట్టి, ఎంత తక్కువమంది కొన్నా మీ అవకాశం పెరగదు. గీకి చూసే కార్డులదీ ఇదే లెక్క, కాకపోతే వాటిలో గెలిచే కార్డులు ముద్రణ నాడే నిర్ణయమైపోతాయి. పెద్ద బహుమతులన్నీ ఎవరో ఒకరు తీసుకున్న తర్వాత కూడా మిగిలిన కార్డులు అమ్మకంలో ఉండవచ్చు గనుక, ఇంకా ఎన్ని బహుమతులు మిగిలి ఉన్నాయో నిర్వాహకులు ప్రకటించే చోట దానిని చూసుకోకుండా కొనడం తెలివైన పని కాదు.

మూడో రకం అంకెల ఆట. 0 నుంచి 9 వరకు ఉన్న అంకెల్లో నాలుగింటిని వరుసగా చెప్పాలంటే ప్రతి స్థానానికి పది వీలులు కాబట్టి 10×10×10×10, అంటే 10,000లో ఒక అవకాశం. వరుస తప్పినా పరవాలేదనే పందెంలో, నాలుగు అంకెలూ వేరువేరైతే వాటిని 24 రకాలుగా అమర్చవచ్చు గనుక అవకాశం దాదాపు 417లో ఒకటి అవుతుంది. రెండు అంకెలు ఒకటే అయితే అమరికలు 12కు తగ్గి, అవకాశం 833లో ఒకటికి పడిపోతుంది. ఈ తేడా తెలియక ఒకే అంకెను రెండుసార్లు రాసేవారు చాలామందే ఉంటారు.

ఎక్కువమంది ఆడేది, ఎక్కువ తికమక పెట్టేది నాలుగో రకం. ఒక డ్రమ్ములో ఉన్న బంతుల నుంచి కొన్నింటిని తీస్తారు. మీరు ముందే ఎంచుకున్న సంఖ్యలు వాటితో కలవాలి. మిగతా వ్యాసమంతా దీని గురించే.

జాక్‌పాట్ లెక్క

ప్రపంచంలో చాలా దేశాల్లో వాడుకలో ఉన్న 49లో 6 ఆటను తీసుకుందాం. తీసిన బంతిని తిరిగి డ్రమ్ములో వేయరు, వచ్చిన వరుసతో పని లేదు. మొదటి బంతికి 49 వీలులు, రెండోదానికి 48, మూడోదానికి 47, అలా ఆరోదానికి 44. ఈ ఆరింటినీ గుణిస్తే 10,06,83,47,520 వస్తుంది. కానీ ఇది వరుసను కూడా లెక్కలోకి తీసుకున్న సంఖ్య. అవే ఆరు బంతులు ఏ వరుసలో వచ్చినా మనకు ఒకటే కాబట్టి, ఆరు వస్తువులను ఎన్ని వరుసల్లో పేర్చవచ్చో దానితో, అంటే 6×5×4×3×2×1 = 720తో భాగించాలి. వచ్చేది 1,39,83,816. గణితంలో దీనినే 49 నుంచి 6 సంయోగాలు అంటారు. ప్రతి సంయోగానికీ అవకాశం సమానమే గనుక ఒక టికెట్టుకు జాక్‌పాట్, అంటే ఆరూ కలిస్తే దక్కే మొదటి బహుమతి, వచ్చే అవకాశం ఇన్నింటిలో ఒకటి. స్ప్రెడ్‌షీటులో ఉండే కాంబిన్ (COMBIN) ఫంక్షన్‌కు 49, 6 ఇస్తే ఇదే సంఖ్య క్షణంలో వస్తుంది, అయినా ఒక్కసారైనా చేత్తో చేసి చూడడం మంచిది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. 49ని ఆరుసార్లు గుణించడం ఒకటి: బంతిని తిరిగి వేసే ఆటకైతే అది మొదటి మెట్టు కావచ్చు గానీ దీనికి పనికిరాదు. 720తో భాగించడం మరచిపోవడం రెండోది.

కోటి నలభై లక్షల్లో ఒకటి అంటే మనసుకు ఏమీ అందదు. నాణెం ఎగరేసి వరుసగా 23 సార్లు బొమ్మ పడే అవకాశం 83,88,608లో ఒకటి, 24 సార్లు పడే అవకాశం 1,67,77,216లో ఒకటి; మన జాక్‌పాట్ ఈ రెండింటి నడుమ ఉంటుంది. మరో విధంగా చెప్పాలంటే, 1,39,83,816 సెకన్లు దాదాపు 162 రోజులు. ఆ 162 రోజుల్లో ఎవరో ఒక సెకనును మనసులో అనుకుంటే, మీరు సరిగ్గా ఆ సెకనునే చెప్పగలగాలి.

బంతులు కొద్దిగా పెరిగితే ఏమవుతుందో కూడా చూడాలి, ఎందుకంటే ఆటల నిబంధనలు మారుతూ ఉంటాయి. బ్రిటన్ జాతీయ లాటరీలోని లోటో ఆట 1994లో 49 సంఖ్యలతో మొదలై 2015 అక్టోబరులో 59కి మారింది. పెరిగినవి పది సంఖ్యలే. సంయోగాలు మాత్రం 4,50,57,474కు చేరాయి, అంటే జాక్‌పాట్ మూడు రెట్లకు మించి దూరమైంది. ఇటలీలోని సూపర్‌ఎనలోటోలో 90 సంఖ్యల నుంచి 6 ఎంచుకోవాలి. అక్కడ సంయోగాలు 62,26,14,630. పాత లెక్కను నమ్ముకోకుండా, ఆడబోయే నాటి నిబంధనలతో మళ్లీ లెక్క వేసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

చిన్న బహుమతుల లెక్క

ఆరింటిలో సరిగ్గా మూడు కలవడానికి అవకాశం ఎంత? డ్రమ్ములోని 49 బంతులను రెండు గుంపులుగా ఊహించుకుంటే దారి దొరుకుతుంది: డ్రాలో వచ్చిన ఆరు ఒక గుంపు, రాని 43 ఇంకొక గుంపు. మీ టికెట్టులో సరిగ్గా మూడు కలవాలంటే మొదటి గుంపు నుంచి మూడు, రెండో గుంపు నుంచి మూడు ఉండాలి. 6 నుంచి 3ను 20 రకాలుగా, 43 నుంచి 3ను 12,341 రకాలుగా ఎంచవచ్చు. రెండింటినీ గుణిస్తే 2,46,820. మొత్తం సంయోగాలను దీనితో భాగిస్తే దాదాపు 57లో ఒకటి అని తేలుతుంది.

ఇదే పద్ధతిలో సరిగ్గా నాలుగు కలిసే టికెట్లు 13,545, అంటే 1,032లో ఒకటి. అయిదు కలిసేవి 258, అంటే సుమారు 54,201లో ఒకటి. రెండు కలిసేవి 18,51,150, ఒకటి కలిసేవి 57,75,588, ఏదీ కలవనివి 60,96,454. జాక్‌పాట్ కొట్టే ఒక్క టికెట్టుతో సహా ఈ ఏడింటినీ కూడితే 1,39,83,816 రావాలి, వస్తుంది కూడా. మీరు వేరే ఆటకు లెక్క వేసినప్పుడు ఈ కూడిక సరిపోకపోతే ఎక్కడో తప్పు దొర్లిందన్నమాట.

ఈ సంఖ్యలను ఊరికే పక్కన పెట్టేయకూడదు. నూటికి దాదాపు 85 టికెట్లకు ఒక్కటి కూడా కలవదు, లేదా ఒకే ఒక్కటి కలుస్తుంది. మూడు కలిసినప్పుడు సగం దూరం వచ్చేశామని అనిపించడం సహజమే కానీ, ఆ టికెట్లు 2,46,820 ఉండగా జాక్‌పాట్ టికెట్టు ఒక్కటే ఉంటుంది. మూడు నుంచి ఆరుకు ఉన్న దూరం, సున్నా నుంచి మూడుకు ఉన్న దూరం కంటే అనేక రెట్లు ఎక్కువ. త్రుటిలో తప్పిపోయిందని బాధపడేవారికి ఈ పట్టిక ఒకసారి చూపించాలనిపిస్తుంది.

అదనపు బంతి ఉంటే

అదనపు బంతి ఏ డ్రమ్ము నుంచి వస్తుందన్నదే ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. అదే డ్రమ్ములో మిగిలిన బంతుల నుంచి ఏడోదిగా తీసేటట్లయితే జాక్‌పాట్ లెక్క ఏమీ మారదు. అయిదు సంఖ్యలతో పాటు ఆ ఏడో బంతి కూడా కలిసే టికెట్లు ఆరు మాత్రమే ఉంటాయి గనుక ఆ బహుమతి 23,30,636లో ఒకటి అవుతుంది. వేరే డ్రమ్ము నుంచి తీసేటట్లయితే అది మొత్తాన్ని గుణిస్తుంది.

అమెరికాలోని పవర్‌బాల్ రెండో రకానిది. 69 తెల్ల బంతుల నుంచి 5 తీస్తారు, వేరే డ్రమ్ములో 26 ఎర్ర బంతుల నుంచి ఒకటి తీస్తారు. తెల్ల బంతుల సంయోగాలు 1,12,38,513; వాటిని 26తో గుణిస్తే 29,22,01,338. ఇందాకటి సెకన్ల భాషలో చెప్పాలంటే, ఇది తొమ్మిదేళ్ల మూడు నెలల కాలంలో ఒక్క సెకను. కొన్ని ఐరోపా దేశాలు కలిసి నడిపే యూరోమిలియన్స్‌లో 50 నుంచి 5, వేరుగా 12 నక్షత్రాల నుంచి 2 ఎంచుకోవాలి కాబట్టి 21,18,760ని 66తో గుణించాలి, వచ్చేది 13,98,38,160.

పవర్‌బాల్ పట్టికలో ఎర్ర బంతి ఒక్కటే కలిస్తే వచ్చే బహుమతికి అవకాశం దాదాపు 38లో ఒకటి అని ఉంటుంది. ఎర్ర బంతులు 26 కదా, 26లో ఒకటి అనాలి కదా అని సందేహం రావడం న్యాయమే. అయితే ఆ బహుమతి ఎర్రది కలిసి తెల్లవి ఒక్కటీ కలవనివారికి. తెల్లవి కూడా కలిసినవారు వేరే వరుసల్లోకి వెళ్లిపోతారు. అయిదు తెల్ల సంఖ్యలూ మిగిలిన 64 నుంచే ఉండే టికెట్లు 76,24,512 మాత్రమే కాబట్టి 26 పెరిగి 38 అవుతుంది. అలాగే ఏదో ఒక బహుమతి వచ్చే అవకాశం దాదాపు 25లో ఒకటి అని ప్రకటనల్లో కనిపించే మాట నిజమే, కానీ ఆ గెలుపుల్లో అత్యధిక భాగం 4 డాలర్లవి. ఈ ఉమ్మడి సంఖ్య ఒక్కటే చూసి ఆటను అంచనా వేయడం ఎప్పుడూ తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం.

ఎక్కువ టికెట్లు, ఎక్కువ కాలం

ఒకే డ్రాకు వేరువేరు సంఖ్యలతో పది టికెట్లు కొంటే అవకాశం సరిగ్గా పది రెట్లవుతుంది. పది డ్రాలకు ఒక్కో టికెట్టు కొన్నా దాదాపు అంతే, కానీ లెక్క వేసే తీరు వేరు: ఒక్కసారి కూడా గెలవకపోయే అవకాశాన్ని డ్రాల సంఖ్యకు తగ్గట్టు గుణించుకుంటూ పోయి, వచ్చినదానిని 1 నుంచి తీసివేయాలి. 49లో 6 ఆటను వారానికి రెండు డ్రాల చొప్పున యాభై ఏళ్లు మానకుండా ఆడినవారికి, అంటే 5,200 టికెట్లకు, ఒక్కసారైనా జాక్‌పాట్ తగిలే అవకాశం సుమారు 2,690లో ఒకటి. ఆ అవకాశం నూటికి 50కి చేరాలంటే దాదాపు 97 లక్షల డ్రాలు ఆడాలి; అదే వేగంతో ఆడితే 93 వేల ఏళ్లకు పైనే పడుతుంది. కోటి నలభై లక్షల డ్రాలు ఆడితే గెలుపు ఖాయమన్న నమ్మకం కూడా సరికాదు, అప్పటికీ అవకాశం నూటికి 63 మాత్రమే.

ఇన్నాళ్లు ఆడాను కాబట్టి ఇక రావాలి అనే ఆలోచన ఇక్కడే పుడుతుంది. బంతులకు జ్ఞాపకం లేదు. చాలాకాలంగా రాని సంఖ్యలనో, తరచుగా వస్తున్న సంఖ్యలనో చూపించే పట్టికలను అమ్మేవారు ఉన్నారు; వాటిని పరీక్షించే మార్గం ఇది. 49లో 6 ఆటలో వెయ్యి డ్రాలు జరిగితే ఒక్కో సంఖ్య సగటున 122 సార్లు రావాలి, కానీ కేవలం యాదృచ్ఛికంగానే 102 నుంచి 143 వరకు అటూ ఇటూ ఊగుతుంది. 49 సంఖ్యల్లో రెండో మూడో ఈ హద్దులు కూడా దాటి పోవడం మామూలే. ఒక సంఖ్య 145 సార్లు వచ్చిందంటే అది కలిసొచ్చే సంఖ్య అయిపోదు, ఏదో ఒక సంఖ్య ఆ చివర ఉండక తప్పదు.

పక్కపక్క సంఖ్యలు రావన్న నమ్మకం ఇంకొకటి. డ్రాలో వచ్చే ఆరింటిలో ఏ రెండూ వరుస సంఖ్యలు కాని సంయోగాలు 70,59,052 ఉన్నాయి. మిగిలిన 69,24,764లో, అంటే నూటికి 49 కంటే ఎక్కువ డ్రాలలో, కనీసం ఒక జంట పక్కపక్కనే ఉంటుంది.

టికెట్టు ధరలో ఎంత తిరిగి వస్తుంది

ప్రతి బహుమతి విలువనూ దాని అవకాశంతో గుణించి అన్నింటినీ కూడితే టికెట్టుకు సగటు రాబడి వస్తుంది. పవర్‌బాల్ టికెట్టు ధర 2 డాలర్లు. జాక్‌పాట్ కాకుండా మిగిలిన స్థిర బహుమతులన్నీ, అంటే 10 లక్షల డాలర్ల నుంచి 4 డాలర్ల వరకు ఉన్నవన్నీ కలిపి, టికెట్టుకు సగటున 32 సెంట్లు ఇస్తాయి. మిగిలిన 1.68 డాలర్లు జాక్‌పాట్ నుంచే రావాలి. దానిని 29,22,01,338తో గుణిస్తే దాదాపు 49 కోట్ల డాలర్లు. జాక్‌పాట్ అంతకు మించితే టికెట్టు లాభదాయకమని చాలామంది ఇక్కడే లెక్క ఆపేస్తారు. ఆపకూడదు.

ప్రకటించే జాక్‌పాట్ 29 ఏళ్ల కాలంలో 30 వాయిదాలుగా చెల్లించే మొత్తం. ఒకేసారి తీసుకునేది దానికంటే చాలా తక్కువ: 2022 నవంబరులో 204 కోట్ల డాలర్లుగా ప్రకటించిన జాక్‌పాట్‌కు ఒకేసారి ఇచ్చే మొత్తం 99.76 కోట్ల డాలర్లు. కాబట్టి పైన చెప్పిన 49 కోట్లతో పోల్చవలసింది ఈ రెండో మొత్తాన్ని, అదీ పన్ను తీసివేశాక. ఆ తర్వాత పంపకం సంగతి ఉంది. జాక్‌పాట్ పెరిగినకొద్దీ టికెట్లు ఎక్కువ అమ్ముడవుతాయి, ఎక్కువమందికి ఒకే సంఖ్యలు ఉండే వీలు పెరుగుతుంది. 2016 జనవరిలో 158.6 కోట్ల డాలర్ల జాక్‌పాట్‌ను మూడు టికెట్లు పంచుకున్నాయి. మొత్తం సంయోగాలు ఎన్నో అన్ని టికెట్లు ఇతరులు యాదృచ్ఛికంగా కొని ఉంటే, మీరు గెలిచినప్పుడు మీకు దక్కే వాటా సగటున నూటికి 63. దానికి రెట్టింపు టికెట్లు అమ్ముడైతే నూటికి 43. ఈ కోతలన్నీ వేసిన తర్వాత, టికెట్టు ధరను మించిన రాబడి కాగితం మీద కూడా మిగలడం కష్టం.

పంపకం ఒక్కటే ఆటగాడి ఎంపికకు కొంత లొంగేది. గెలిచే అవకాశాన్ని ఏ సంఖ్యలూ పెంచలేవు, కానీ అందరూ రాసే సంఖ్యలను రాయకుండా ఉంటే, గెలిచినప్పుడు పంచుకునేవారు తగ్గుతారు. 2022 అక్టోబరులో ఫిలిప్పీన్స్‌లోని 55లో 6 ఆటలో 9, 18, 27, 36, 45, 54 వచ్చాయి. తొమ్మిదో ఎక్కం రాసినవారు 433 మంది తేలారు, దాదాపు 23.6 కోట్ల పెసోల జాక్‌పాట్ ఒక్కొక్కరికి 5.45 లక్షలుగా చీలిపోయింది. 2020 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో 5, 6, 7, 8, 9, ఆపైన అదనపు బంతిగా 10 వచ్చినప్పుడు 20 మంది గెలిచారు. 2005 మార్చిలో పవర్‌బాల్ రెండో బహుమతి 110 మందికి వచ్చినప్పుడు నిర్వాహకులు మోసమేమోనని ఆరా తీశారు; తీరా చూస్తే చైనా భోజనశాలల్లో ఇచ్చే బిస్కెట్ల లోపలి చీటీలో ఆ సంఖ్యలు ఉన్నాయి. బల్గేరియాలో 2009 సెప్టెంబరు 6న వచ్చిన ఆరు సంఖ్యలే 10వ తేదీన మళ్లీ వచ్చాయి. మొదటిసారి వాటిని ఎవరూ రాయలేదు, రెండోసారి 18 మంది రాశారు.

కాబట్టి పుట్టినరోజులు, ఎక్కాలు, వరుసలు, టికెట్టు మీద గీత గీసినట్టు కనిపించే ఆకారాలు, కిందటి డ్రా ఫలితాలు వదిలేయాలి. 31 దాటిన సంఖ్యలు కొన్ని ఉండేలా చూసుకోవడం, లేదా ఎంపికను యంత్రానికే వదిలేయడం చాలు. కొనని టికెట్టుకు బహుమతి వచ్చిందని చెప్పి ముందుగా రుసుము అడిగే సందేశాలకు ఇవేవీ వర్తించవు. అక్కడ అవకాశం సున్నా.

లెక్క ఆటగాడి వైపు మొగ్గిన సందర్భాలు లేకపోలేదు. 1992 ఫిబ్రవరిలో అమెరికాలోని వర్జీనియాలో 44లో 6 ఆట జాక్‌పాట్ 2.7 కోట్ల డాలర్లకు చేరింది. టికెట్టు ధర ఒక డాలరు, సంయోగాలు 70,59,052 (ఇందాక పక్కపక్క సంఖ్యల దగ్గర కనిపించిన సంఖ్యే ఇది, యాదృచ్ఛికం కాదు, రెండూ ఒకే సూత్రం నుంచి వస్తాయి). స్టెఫాన్ మాండెల్ ఆధ్వర్యంలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బృందం అన్ని సంయోగాలనూ కొనాలని చూసి, సమయం చాలక సుమారు 50 లక్షలు మాత్రమే కొనగలిగింది. గెలిచే టికెట్టు ఆ 50 లక్షల్లోనే ఉంది, అయినా నూటికి దాదాపు 29 వంతులు తప్పిపోయే ముప్పును తలకెత్తుకున్న తర్వాతే ఆ గెలుపు దక్కింది. అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్యాష్ విన్‌ఫాల్ ఆటలో జాక్‌పాట్ 20 లక్షల డాలర్లకు చేరి ఎవరూ గెలవకపోతే ఆ డబ్బును కింది బహుమతులకు పంచేవారు. అలాంటి డ్రాలలో మాత్రమే సగటు రాబడి టికెట్టు ధరను మించేది. అక్కడి ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులతో సహా కొన్ని బృందాలు ఆ రోజులు చూసుకుని వేల సంఖ్యలో టికెట్లు కొనేవి. 2004లో మొదలైన ఆ ఆటను 2012 జనవరిలో ఆపేశారు.